12 మందీ ఆడగలిగేవారైతే ఆరుగురిని ఎంచడం ఎలా?

(వాలీబాల్ శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: నేను నెల్లూరు జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేస్తున్నాను. మూడేళ్ల కిందట అమ్మాయిల వాలీబాల్ జట్టుకు ఆరుగురిని సమకూర్చడమే గగనంగా ఉండేది. ఈ ఏడాది 16 మంది క్రమం తప్పకుండా కోర్టుకు వస్తున్నారు. వారిలో 12 మంది దాదాపు ఒకే స్థాయివారు. ఎవరిని దింపినా జట్టు బలం పెద్దగా తగ్గదు. స్మాష్ కొట్టేవారికి బంతిని ఎత్తి అందించే సెట్టర్లు ఇద్దరూ సమానులే. అమెరికా కళాశాలల మ్యాచ్‌లను వీడియోల్లో చూసి, ఇద్దరు సెట్టర్లను మార్చి మార్చి దింపే 6-2 పద్ధతిని ఒక అంతర్ కళాశాలల పోటీలో ప్రయత్నించాను. రెండో సెట్ మధ్యలో నేను కోరిన మార్పును రిఫరీ తిరస్కరించారు. ఆ సెట్ ఓడిపోయాము. అప్పటినుంచి ఇద్దరు అమ్మాయిలు నాతో ముభావంగా ఉంటున్నారు. నా లెక్క ఎక్కడ తప్పింది? ఇంతమందికి ఆట దక్కేలా చూడటం ఎలా? (ఒక పీడీ, కావలి)

జవాబు: మీరు చూసిన వీడియోలలోని నిబంధనలు వేరు, మనవి వేరు, మీ లెక్క అక్కడే తప్పింది. అమెరికాలో మహిళల కళాశాల పోటీలలో ఒక్కో సెట్‌కు 15 మార్పుల వరకు అనుమతి ఉంటుంది. మన పోటీలు అంతర్జాతీయ వాలీబాల్ సమాఖ్య నిబంధనల మీద నడుస్తాయి కనుక సెట్‌కు 6 మార్పులే దక్కుతాయి. ఆ ఆరింటికి కూడా ఒక కట్టుబాటు ఉన్నది. సెట్‌ను ఆరంభించిన అమ్మాయి ఆ సెట్‌లో ఒక్కసారే బయటికి వెళ్లి ఒక్కసారే తిరిగి రావచ్చు, అదీ లైనప్‌లోని తన పాత స్థానానికే. ఆమె బదులు దిగిన అమ్మాయి ఆ సెట్‌లో ఒక్కసారే ఆడవచ్చు, ఆమెను తీసి దింపగలిగేది కూడా ఆ మొదటి అమ్మాయినే.

ఇప్పుడు మీ 6-2 పద్ధతిని కాగితం మీద పెట్టి చూద్దాం. మొదటి సెట్టర్ వెనుక వరుసలో 1వ స్థానంలో, ఆమెకు ఎదురుగా ముందు వరుసలో 4వ స్థానంలో స్మాషర్ నిలబడి సెట్ మొదలుపెట్టారనుకోండి. మూడు రొటేషన్లు (ఎదుటివారి నుంచి సర్వీస్ దక్కిన ప్రతిసారీ ఆరుగురూ ఒక్కో స్థానం జరగడం) తిరిగేసరికి సెట్టర్ ముందు వరుసలోకి, స్మాషర్ వెనుక వరుసలోకి వస్తారు. అప్పుడు ముందు వరుసలో కొట్టేవారు తగ్గకుండా సెట్టర్‌ను తీసి మరొక స్మాషర్‌ను, వెనక్కి వెళ్లిన స్మాషర్‌ను తీసి రెండో సెట్టర్‌ను దింపితే 2 మార్పులు అయినట్టు. ఇంకో మూడు రొటేషన్ల తర్వాత పాతవారిని మళ్లీ రప్పిస్తే మరో 2. అంటే ఒక పూర్తి చుట్టుకే 4 మార్పులు ఖర్చయిపోతాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఆ రెండు స్థానాలలో ఆ సెట్ ముగిసేదాకా ఇక మార్పు చేయడానికి వీల్లేదు. మిగిలిన 2 మార్పులను వేరే స్థానాలకే వాడుకోవాలి. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే, రెండో చుట్టులో మీరు అదే సెట్టర్‌ను మళ్లీ బయటికి పిలవబోయారు. రిఫరీ ఒప్పుకోకపోవడం సరైనదే.

అందువల్ల ఒకే సెట్టర్‌తో నడిచే 5-1 పద్ధతికి మారి, పైన చెప్పిన జోడు మార్పును సెట్‌కు ఒక్కసారి, సెట్టర్ ముందు వరుసలోకి వచ్చి మీ దాడి బలహీనపడిన తరుణంలో, వాడుకోమని నా సలహా. దానివల్ల రెండో సెట్టర్‌కు పేరుకు ఒకటి రెండు పాయింట్లు కాక నిజమైన మూడు రొటేషన్ల ఆట దొరుకుతుంది. మిగిలిన 2 మార్పులలో ఒకటి మంచి సర్వీస్ ఉన్న అమ్మాయికి, మరొకటి సెట్ చివర నెట్ దగ్గర ఎదుటివారి స్మాష్‌ను అడ్డుకునే పొడవైన బ్లాకర్‌కు దాచుకోవచ్చు. ఆ మార్పులలో దిగేది ఎవరో ఆ అమ్మాయిలకు ముందే తెలిసి ఉండాలి. బెంచి మీద కూర్చున్నా 20వ పాయింట్ దాటగానే చేతులు, భుజాలు వేడి చేసుకుంటూ సిద్ధంగా ఉండే అమ్మాయికీ, హఠాత్తుగా పిలుపు వచ్చి చల్లబడిన చేత్తో సర్వీస్ చేసే అమ్మాయికీ తేడా మీకు తెలియనిది కాదు.

అయితే ఆటను పంచవలసినది సెట్ లోపల కాదు. ప్రతి సెట్‌కు ముందు లైనప్ షీట్ కొత్తగా ఇస్తాము. అక్కడ ఆరు మార్పుల పరిమితి లేదు, ఆరుగురినీ మార్చినా అడిగేవారు లేరు. 12 మందినీ ఒకే సెట్‌లో దింపాలని చూస్తే ఆరు మార్పులూ ఆరుగురికీ సరిపోతాయి కాని, సర్వీస్ అందుకోవడంలో దిట్ట అయిన అమ్మాయిని తిరిగి రప్పించవలసి వచ్చినప్పుడు మీ చేతిలో ఒక్క మార్పు కూడా మిగలదు. సెట్‌ల వారీగా, మ్యాచ్‌ల వారీగా పంచితే దిగిన ప్రతి అమ్మాయి 25 పాయింట్ల ఆటలో తప్పు చేసి, దాన్ని దిద్దుకునే వ్యవధి కూడా పొందుతుంది. రెండు పాయింట్లకు దింపి, ఒక సర్వీస్ నెట్‌కు తగలగానే వెనక్కి పిలిస్తే ఆమెకు ఆట దక్కినట్టు కాదు, పరీక్ష పెట్టినట్టు అవుతుంది.

మన అంతర్ కళాశాలల పోటీల తీరు కూడా ఇందుకు కలిసివస్తుంది. ఆరుబయట మట్టి కోర్టు మీద, ఎండలో, ఒకే రోజు రెండు మూడు మ్యాచ్‌లు ఆడవలసి వస్తే, ఉదయం నుంచి అదే ఆరుగురిని ఆడించిన జట్టుకు సాయంత్రం సెమీఫైనల్ వేళకు కాళ్లు లేవవు. మీకు 12 మంది ఉండటం వరమయ్యేది అప్పుడే. మొదటి మ్యాచ్‌లో మొదటి సెట్‌కు ప్రధానమైన ఆరుగురిలో నలుగురిని, తర్వాతి వరుసలోని ఇద్దరిని కలిపి దింపండి. ఆ సెట్ గెలిస్తే రెండో సెట్‌కు పాళ్లను తారుమారు చేయండి. ఆరుగురినీ ఒకేసారి మార్చి ‘ఏ టీమ్, బీ టీమ్’ అన్న గోడ మాత్రం కట్టకండి. ఆ గోడ లేస్తే రెండో వైపు నిలబడిన అమ్మాయిలు మీ మాటను వినడం మానేస్తారు.

ఇక ఆరుగురిని ఎంచడం గురించి. స్మాష్ బలంగా కొట్టేవారిని వరుసగా ఆరుగురిని రాసుకుంటే లైనప్ కాదు. సెట్టర్‌కు ఎదురుగా ఆపోజిట్ (కుడి వైపు కొట్టే అమ్మాయి), నెట్ మధ్యలో ఆడే ఒక మిడిల్ బ్లాకర్‌కు ఎదురుగా రెండో మిడిల్ బ్లాకర్, ఎడమ వైపు కొట్టే ఇద్దరిలో ఒకరికి ఎదురుగా మరొకరు వచ్చేలా నిలబెడితే ఏ రొటేషన్‌లోనైనా జోడీలో ఒకరు ముందు, ఒకరు వెనుక ఉంటారు. కాబట్టి మీరు ఎంచేది ఆరుగురు విడివిడి మనుషులను కాదు, మూడు జోడీలను. ప్రాక్టీసు మ్యాచ్‌లలో బెంచి మీద ఉన్న ఒక అమ్మాయి చేతికి నోటు పుస్తకం ఇచ్చి, ఏ రొటేషన్‌లో ఎన్ని పాయింట్లు వచ్చాయో, ఎన్ని పోయాయో గీతలు గీయించండి. నాలుగు ప్రాక్టీసు మ్యాచ్‌ల గీతలు చూస్తే మీ జట్టు ఎక్కడ చిక్కుకుపోతున్నదో తెలిసిపోతుంది. చాలాసార్లు అది దాడిలో లోపం కాదు, ఎదుటివారి సర్వీస్‌ను అందుకోవడంలో లోపం. అప్పుడు కొంచెం తక్కువగా కొట్టినా సర్వీస్‌ను చక్కగా అందుకునే అమ్మాయి ఎందుకు ఆడుతున్నదో మిగతావారికి ఆ పుస్తకమే చెబుతుంది. ఆ పుస్తకాన్ని దాచకండి, అందరి ముందూ తెరిచి పెట్టండి.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. వింజమూరు, ఉదయగిరి వైపు పల్లెలనుంచి రోజూ బస్సు మీద వచ్చే అమ్మాయిలు సాయంత్రం ప్రాక్టీసును సగంలో వదిలి వెళ్లక తప్పదు. హాస్టల్‌లో ఉండేవారు చీకటి పడేదాకా ఆడతారు. ‘హాజరు ఎక్కువ ఉన్నవారికే ఆట’ అన్న నియమం వినడానికి న్యాయంగా ఉంటుంది కాని, బస్సు వేళకు బద్ధులైన అమ్మాయిలను అది ప్రతి ఏడాదీ బెంచికి నెట్టేస్తుంది. వారానికి రెండు రోజులైనా తరగతులకు ముందు ఉదయపు ప్రాక్టీసు పెట్టి, అసలైన ఆరుగురు ఆరుగురి ఆట అప్పుడే ఆడించండి. చెప్పకుండా మానేసిన అమ్మాయినీ, చెప్పి బస్సెక్కిన అమ్మాయినీ ఒకే గాటన కట్టకండి.

విశ్వవిద్యాలయ జట్టు ఎంపికను కూడా దృష్టిలో పెట్టుకోవాలి. ఒకప్పుడు నెల్లూరు జిల్లా కళాశాలలు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం కింద ఉండేవి. 2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఏర్పడిన తర్వాత మన అమ్మాయిలకు ఆ జట్టు చేరువయింది. ఎంపిక చేసేవారు అంతర్ కళాశాలల పోటీలలో ఆడినవారినే చూడగలరు, బెంచి మీద కూర్చున్నవారిని చూడలేరు. కనుక మూడో సంవత్సరం చదువుతూ ఇదే చివరి అవకాశమైన అమ్మాయికి కనీసం ఒక పూర్తి సెట్ దక్కేలా చూడటం మీ బాధ్యత అని నేను నమ్ముతాను. ఆమెకన్నా మెరుగైన మొదటి సంవత్సరం అమ్మాయికి ఇంకా రెండేళ్లున్నాయి. ఫైనల్‌లో మాత్రం ఈ లెక్క పనికిరాదు. అక్కడ ఆ రోజు బాగా ఆడుతున్నవారే ఆడాలి, ఆ మాటను కూడా పోటీలకు బయలుదేరకముందే జట్టుకు చెప్పి ఉంచాలి.

ముభావంగా ఉన్న ఆ ఇద్దరితో రేపే మాట్లాడండి, ఇద్దరితో విడివిడిగా. నేను శిక్షకుడిగా పనిచేసిన తొలి ఏళ్లలో లైనప్‌ను షీటు మీద రాసే క్షణం దాకా ఎవరికీ చెప్పేవాడిని కాను. అందరూ అప్రమత్తంగా ఉంటారని నా నమ్మకం. ఒక అమ్మాయిని చివరి సెట్లలో వెనుక వరుస కాపాడటానికి అట్టేపెట్టుకుంటూ వచ్చాను, మా మ్యాచ్‌లు మాత్రం ముందే ముగిసిపోతూ వచ్చాయి. సంవత్సరం మధ్యలో ఆమె మానేసింది. తొలి మ్యాచ్‌లో ఒక సర్వీస్ పోగొట్టినందుకే నేను పక్కన పెట్టానని ఆమె అనుకున్నదని తర్వాత ఆమె స్నేహితురాలి వల్ల తెలిసింది. ఆ సర్వీస్ నాకు గుర్తు కూడా లేదు. ఆమె మీద నేను పెట్టుకున్న నమ్మకాన్ని ఆమెకు ఒక్క మాటగానైనా చెప్పకపోవడం నా తప్పు. దాన్ని నేను మరచిపోలేదు. మీ ఇద్దరు అమ్మాయిలకు ఓదార్పు మాటలు అవసరం లేదు. ‘వచ్చే మ్యాచ్‌లో నీ పని ఇది, ఏ సెట్‌లో దిగుతావు, ఏది మెరుగుపడితే మొదటి ఆరుగురిలోకి వస్తావు’ అన్న మూడు సంగతులు స్పష్టంగా చెప్పండి. మొన్నటి మార్పు లెక్క మీది తప్పిందని కూడా దాచకుండా ఒప్పుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి ఒంగోలులో డిగ్రీ చదువుతూ కళాశాల వాలీబాల్ జట్టులో ఉన్నది. సంక్రాంతికి మా ఊళ్లో అబ్బాయిలతో సమానంగా ఆడుతుంది, కాని కళాశాలలో ఎప్పుడూ బెంచి మీదే. నేను వెళ్లి పీడీ గారితో మాట్లాడితే బాగుంటుందా? (ఒక తండ్రి, సింగరాయకొండ)

జవాబు: ముందు మీ అమ్మాయినే మాట్లాడనివ్వండి అయ్యా. ‘సార్, నన్నెందుకు ఆడించడం లేదు’ అని కాక, ‘సార్, నేను ఏది నేర్చుకుంటే మీకు ఉపయోగపడతాను’ అని అడగమనండి. కొన్ని ఊళ్లలో రొటేషన్ లేకుండా ఎవరి చోట వారే నిలబడి ఆడే అలవాటు ఉన్నది. మీ ఊళ్లోనూ అంతే అయితే, నెట్ దగ్గర ఎంత బాగా కొట్టే అమ్మాయికైనా వెనుక వరుసలోకి వెళ్లగానే సర్వీస్ అందుకోవడం కొత్తగా ఉంటుంది. ఆ ఒక్క కొరతే ఆమెను ఆపుతూ ఉండవచ్చు. అది రోజూ సాధన చేస్తే వచ్చే విద్యే. ఆమె అడిగిన తర్వాత కూడా నెలల తరబడి జవాబు రాకపోతే అప్పుడు మీరు వెళ్లండి. వెళ్లినా మరొకరి అమ్మాయితో పోల్చకుండా మీ అమ్మాయి గురించే మాట్లాడండి.

ప్రశ్న: లిబరోను (వెనుక వరుసలో మాత్రమే ఆడే రక్షణ క్రీడాకారిణిని) మార్చిన ప్రతిసారీ అది ఆరు మార్పులలో లెక్కకు వస్తుందా? (ఒక విద్యార్థిని, బుచ్చిరెడ్డిపాళెం)

జవాబు: రాదమ్మా. లిబరో రాకపోకలకు సంఖ్యా పరిమితి లేదు. ఒక రాకకూ మరొక పోకకూ మధ్య కనీసం ఒక ర్యాలీ (సర్వీస్ నుంచి పాయింట్ తేలేదాకా సాగే ఆట) పూర్తి కావాలి, అంతే. లిబరో సర్వీస్ చేయకూడదు, బ్లాక్ చేయకూడదు, నెట్ ఎత్తుకు పైనున్న బంతిని అవతలికి కొట్టకూడదు. జాబితాలో ఇద్దరు లిబరోలను చూపవచ్చు కాని కోర్టులో ఒక సమయంలో ఒక్కరే ఉండాలి. మీ జట్టులో వెనుక వరుసలో బాగా ఆడేవారు ఇద్దరుంటే, ఎదుటివారి సర్వీస్‌కు ఒకరు, మన సర్వీస్ సమయంలో మరొకరు ఆడేలా మీ పీడీ గారిని అడిగి చూడండి. ఆరు మార్పులలో ఒక్కటీ ఖర్చు కాకుండా ఇద్దరికీ ప్రతి సెట్‌లోనూ ఆట దొరుకుతుంది.