ఓర్కుల వైపు నుంచి ముట్టడి

ప్రశ్న: డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల కథా ఆటలో నలుగురం ఓర్కులుగా (రాక్షస సైనికులుగా) ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ కథలోని హెల్మ్స్ డీప్ కోటను ముట్టడించాం. రెండో రౌండుకే అందరం చచ్చాం. తప్పెక్కడ? – ఒక పాఠకుడు, కావలి

జవాబు: 2014 నియమాల్లో మామూలు ఓర్కుకు 15 హిట్ పాయింట్లే (ప్రాణబలం), గట్టి దెబ్బలు రెండు పడితే కూలిపోతుంది. అందుకని ఒక్కో ఆటగాడికి ఒకటి కాదు, 6 ఓర్కుల దండు ఇవ్వండి. ఒకటి పడితే మరుసటి వంతుకు వెనకది ముందుకొస్తుంది. పాచిక మాత్రం దండుకు ఒక్కసారే. 24 ఓర్కులకూ విడివిడిగా వేస్తే రౌండు కదలదు.

కథలో కోట పడదని అందరికీ తెలుసు కదా, గెలుపును లక్ష్యంగా పెట్టకండి. గోడ కింది తూములోకి (మన చెరువు తూము లాంటిదే) పేలుడు మందు చేర్చాలి, గడువు 8 రౌండ్లు. మోసే ఓర్కు వేగం సగం, చేతులు రెండూ ఖాళీ ఉండవు. మిగతా దండ్లు డాళ్లు అడ్డం పెట్టక తప్పదు. అసలు మజా ఇక్కడే! తెల్లవారి కోటను కాపాడే రౌతులు దిగేది 10వ రౌండులోనని ముందే చెప్పేయండి.