12 అడుగుల పడవకి ఎన్ని పౌండ్ల ట్రోలింగ్ మోటార్ కావాలి?

మీ పడవ 12 అడుగుల ఫైబర్‌ది, ఎక్కేది ఇద్దరు, చేపల వేట ఎక్కువగా చెన్నైకి దక్షిణాన ముట్టుకాడు బ్యాక్‌వాటర్‌లో, అప్పుడప్పుడు ఉత్తరాన పులికాట్ సరస్సులో. ట్రోలింగ్ మోటార్, అంటే బ్యాటరీతో నడిచే చిన్న పడవ మోటార్, 55 పౌండ్లది కొనాలా, 80 పౌండ్లదా, ఇంట్లో ఉన్న 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ఇన్వర్టర్ బ్యాటరీ దానికి పనికొస్తుందా, ఇదంతా ఎందుకు 2 హెచ్‌పీ పెట్రోల్ ఇంజనే నయమా అని అడిగారు.

45 నుంచి 55 పౌండ్ల మధ్య, 12 వోల్టులది తీసుకోండి. 80 వద్దు. మిగిలిన డబ్బు బ్యాటరీ మీద పెట్టండి. నేను చెన్నై ఉత్తరపు కొసన ఉంటాను, అందుకని పులికాట్ వైపే ఎక్కువ వెళ్తాను. మీ పడవలాంటి దానికే 45 పౌండ్లది బిగించుకుని తిరుగుతున్నాను.

ముందు ఈ పౌండ్ల లెక్క. అది మోటార్ నీళ్లని వెనక్కి నెట్టే బలం, అది కూడా పడవ కదలకుండా ఉన్నప్పుడు కొలిచింది. వేగానికీ దానికీ నేరుగా సంబంధం లేదు. కంపెనీలు చెప్పే సూత్రం ప్రకారం పడవ, మనుషులు, సామాను అన్నీ కలిపి ప్రతి 45 కిలోలకి 2 పౌండ్లు ఉండాలి. మీది పడవ 80 కిలోలు, ఇద్దరు మనుషులు 150, బ్యాటరీ, లంగరు, ఐస్ బాక్స్ అన్నీ కలిపి ఇంకో 50 అనుకున్నా 280 కిలోలు. సూత్రం ప్రకారం 13 పౌండ్లు కూడా అక్కర్లేదు! అది గాలీ, వాలూ (నీటి ఒరవడి) లేని చెరువులో లెక్క. మనకి ఉన్నది చెన్నై తీరం కాబట్టి మూడింతలు, నాలుగింతలు వేసుకోవాలి. 45 అన్నది అలా వచ్చింది.

మరి 80 ఉంటే ఇంకా మంచిదే కదా అంటారు. 12 అడుగుల పడవ నీళ్లని చీల్చుకుంటూ పోయే రకమైతే గంటకి 8 కిలోమీటర్ల దగ్గర దాని సొంత అలే దానికి అడ్డం పడుతుంది. అది దాటాలంటే పడవ నీటి మీదకి లేవాలి, దానికి ట్రోలింగ్ మోటార్ ఏదీ చాలదు. పైగా ఈ మోటార్ల ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరిగేలా చేసింది. 30 పౌండ్లది పెట్టినా 55 పెట్టినా నిలకడ నీళ్లలో వేగం తేడా పెద్దగా తెలీదు. తెలిసేది ఎదురుగాలిలోనే. 80 పౌండ్లది 24 వోల్టుల మీద నడుస్తుంది, అంటే రెండు బ్యాటరీలు మొయ్యాలి. ఆ బరువుకే కొంత బలం పోతుంది.

ఇప్పుడు గాలి. మన తీరంలో చాలా రోజులు పొద్దున్నే నేల మీద నుంచి నెమ్మదిగా వీస్తుంది, ఎండ ముదిరాక సముద్రం వైపు నుంచి తిరుగుతుంది. మే, జూన్ నెలల్లో పడమటి గాలి గట్టిగా ఉండి ఈ మళ్లడం మధ్యాహ్నం బాగా పొద్దుపోయాక జరుగుతుంది, ఒక్కోసారి జరగనే జరగదు. పులికాట్ ఊరు సరస్సుకి దక్షిణపు కొసన ఉంది. వేటకి వెళ్లేది ఉత్తరంగా. అంటే వెళ్లేటప్పుడు హాయిగా ఉంటుంది, అలిసిపోయి తిరిగొచ్చేటప్పుడు, బ్యాటరీ కూడా తగ్గిపోయాక, ఆగ్నేయం గాలి సరిగ్గా మొహానికి కొడుతుంది. నాకు అక్కడ పడవ నీళ్లలోకి దింపుకునే చోటు చూపించిన పెద్దాయన తడ వైపు మనిషి. నా మోటార్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "గాలి మళ్లిందంటే ఇది ముంత నీళ్లు కూడా తోయదబ్బయా, పదకొండుకల్లా నువ్వు నా కంటికి కనపడాల" అన్నాడు. ఆ మాటే నేను ఇప్పటికీ పాటిస్తున్నాను. బ్యాటరీలో మూడో వంతు అయిపోగానే వెనక్కి తిప్పేయాలి, చేప పడుతున్నా సరే. పోవడానికి ఒక వంతు, ఎదురుగాలిలో రావడానికి ఒకటి, అనుకోనిదానికి ఒకటి.

బ్యాటరీ విషయమే అసలు కథ. 45 పౌండ్ల మోటార్ ఫుల్ స్పీడ్‌లో దాదాపు 42 ఆంప్స్ లాగుతుంది, 55 పౌండ్లది 50. మీ ఇన్వర్టర్ బ్యాటరీ మీద రాసిన 150 ఏహెచ్ అనేది 20 గంటల పాటు ఏడున్నర ఆంప్స్ చొప్పున తీసుకుంటే వచ్చే లెక్క. 42 లాగితే అంత ఇవ్వదు, ఇచ్చినదాంట్లో కూడా సగం దాటి వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది. సరే, సగం వాడుకున్నా గంటన్నర లోపు ఫుల్ స్పీడ్ వస్తుంది, అది చాలు అనుకోవచ్చు. కానీ మోసేదెవరు? ఇన్వర్టర్లకి వాడే ట్యూబులర్ బ్యాటరీ యాసిడ్‌తో కలిపి 50 కిలోలు దాటుతుంది. పడవ ఊగితే మూతల దగ్గర యాసిడ్ చిందుతుంది. వెనక కూర్చునే మనిషి, మోటార్, ఆ బ్యాటరీ అన్నీ వెనకే పడితే పడవ ముక్కు పైకి లేచి గాలికి తెరచాపలా నిలబడుతుంది. మోటార్ పని చేస్తుందో లేదో చూడటానికి ఒకరోజు ఒడ్డు పక్కనే వాడుకోండి, అంతవరకే. కారు బ్యాటరీ అసలు వద్దు, అది స్టార్టింగ్ కోసం చేసింది, ఇలా లోతుగా వాడితే త్వరగా చస్తుంది.

కొనగలిగితే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ 100 ఏహెచ్ తీసుకోండి. 12 కిలోల అటూ ఇటూ ఉంటుంది, ఒక చేత్తో మోసుకుపోవచ్చు. దాదాపు మొత్తం వాడుకోవచ్చు కాబట్టి 45 పౌండ్ల మోటార్ ఫుల్ స్పీడ్‌లో రెండు గంటలకి పైనే వస్తుంది. చెన్నైలో సెల్స్ తెచ్చి ప్యాక్ కట్టి అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లని మొదట అడగాల్సింది ఏహెచ్ ఎంత అని కాదు, బీఎంఎస్ (ప్యాక్ లోపల సెల్స్‌ని కాపాడే సర్క్యూట్) ఆగకుండా ఎన్ని ఆంప్స్ ఇస్తుంది అని. సోలార్ లైట్ల కోసం కట్టిన ప్యాక్‌లో 30 ఆంప్స్ బీఎంఎస్ పెట్టి ఉంటే మీరు థ్రాటిల్ పూర్తిగా తిప్పగానే కరెంటు తెగిపోతుంది. 100 ఆంప్స్‌ది అడగండి. నాలుగు సెల్స్ వరసగా కట్టింది, 12.8 వోల్టులు అని రాసి ఉండాలి. స్కూటర్ బ్యాటరీల్లో వాడే వేరే రకం లిథియం సెల్స్ నాలుగు కడితే ఫుల్ ఛార్జ్‌లో 16.8 దాకా పోతుంది, మోటార్ ఎలక్ట్రానిక్స్‌కి అది మంచిది కాదు. ఇంట్లో ఇన్వర్టర్‌తోనే దీన్ని ఛార్జ్ చేద్దామని చూడకండి, 14.6 దగ్గర ఆగే లిథియం ఛార్జరే కావాలి.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. మీ ఇన్వర్టర్‌ది లాంటి లెడ్ బ్యాటరీ అయిపోయేటప్పుడు పడవ మెల్లగా నీరసపడుతుంది, మనకి తెలుస్తుంది. లిథియం అలా కాదు. చివరిదాకా ఒకే వోల్టేజీ ఇచ్చి, ఉన్నట్టుండి బీఎంఎస్ కట్ చేసేస్తుంది. మోటార్ తల మీద వెలిగే బ్యాటరీ లైట్లు లెడ్ కోసం పెట్టినవి, లిథియంకి అవి దాదాపు చివరిదాకా ఫుల్ అనే చూపిస్తాయి. వాటిని చూసి వేట చేస్తూ కూర్చుంటే అంతే సంగతులు. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో షంట్ (కరెంటు కొలిచే ముక్క) ఉన్న బ్యాటరీ మీటర్ దొరుకుతుంది. పోయిన ఆంపియర్ అవర్లు లెక్కపెట్టి ఎంత మిగిలిందో శాతంలో చూపిస్తుంది. దాని డిస్‌ప్లే నీళ్లు పడనిచోట, కూర్చుంటే కంటికి కనపడేలా పెట్టండి. పైన చెప్పిన మూడో వంతు లెక్క అది ఉంటేనే కుదురుతుంది.

మోటార్లలో రెండు రకాలు. ఐదు గేర్లు ముందుకి, మూడు వెనక్కి ఉండేది చవక. అందులో తక్కువ స్పీడ్ పెట్టినప్పుడు మిగిలిన కరెంటు లోపలి కాయిల్‌లో వేడిగా పోతుంది. రెండోది పీడబ్ల్యూఎం కంట్రోల్ ఉన్నది, అంటే కరెంటుని వేగంగా ఆపుతూ ఇస్తూ వేగం మార్చేది. దీన్ని ఎంత తిప్పితే అంతే కరెంటు లాగుతుంది. ఈ మోటార్లు చేసే మిన్ కోటా కంపెనీ వాళ్లు తమ డిజిటల్ మాగ్జిమైజర్ మోడళ్లకి ఒక్క ఛార్జ్‌తో ఐదు రెట్లు దాకా ఎక్కువసేపు అని చెప్పుకుంటారు. ఆ లాభం నిదానంగా పోయేటప్పుడే కనిపిస్తుంది, ఫుల్ స్పీడ్‌లో రెండూ ఒకటే. కానీ మనం చేసే వేటంతా నిదానమే కదా. వేగం ఐదో వంతు తగ్గించుకుంటే కావాల్సిన పవర్ సగానికి పడిపోతుంది, కాబట్టి ఈ డబ్బు దండగ కాదు.

ఉప్పునీళ్లకి చేసిన మోడల్ కావాలా? పులికాట్ అయినా ముట్టుకాడు అయినా ఉప్పే, కాబట్టి అవును. మిన్ కోటాలో రిప్‌టైడ్ అని వేరే సిరీస్ ఉంది, న్యూపోర్ట్ లాంటి వాళ్లవీ ఉప్పునీళ్లకి పనికొస్తాయి. మంచినీళ్ల మోటార్ కూడా కొన్నాళ్లు నడుస్తుంది, కానీ రంగు ఊడిన చోటల్లా తుప్పు తినేస్తుంది. ప్రొపెల్లర్ పక్కన జింక్ ముక్క ఉందో లేదో చూడండి, తుప్పు ముందు దాన్ని తింటుంది, అరిగాక మార్చాలి. వేట నుంచి రాగానే మోటార్‌ని పైకి ఎత్తి మంచినీళ్లతో కడగడం తప్పదు.

అమెరికాలో ఉన్న బావమరిది సూట్‌కేసులో తెప్పించుకుందామన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది, మనవాళ్లకి మరీనూ. మోటార్ వస్తుంది, అదీ 12 వోల్టులదే కాబట్టి ఇబ్బంది లేదు. వారంటీ మాత్రం ఇక్కడ అడగలేం. లిథియం బ్యాటరీ విమానంలో రాదు, ప్రయాణికుల సామానులో 160 వాట్ అవర్లు దాటితే ఒప్పుకోరు, మనది 1280. ఛార్జర్ తెస్తే 220 వోల్టులకి పనికొస్తుందో లేదో వెనక చూసుకోమనండి.

వైరింగ్‌లో కక్కుర్తి పడొద్దు. 16 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, అదీ వీలైనంత పొట్టిగా వెయ్యండి. బ్యాటరీ పక్కనే 60 ఆంప్స్ బ్రేకర్ ఉండాలి. మోటార్‌తో వచ్చే మొసలి క్లిప్పులు ఉప్పుగాలికి పచ్చగా చిలుం పడతాయి, వాటిని కోసేసి బోల్టుతో బిగించే లగ్గులు వేయించండి. సన్న వైరు వేస్తే వోల్టేజీ దారిలోనే పోతుంది, వైరు చేతికి వెచ్చగా తగులుతుంది, అలా తగిలితే మార్చాల్సిందే.

పులికాట్‌లో నీళ్లు చాలాచోట్ల మీటరు లోతే. పైగా ఎక్కడ చూసినా వలలు. ప్రొపెల్లర్‌కి తెగిన నైలాన్ దారం చుట్టుకుంటే వెంటనే మోటార్ ఆగదు, అదే ప్రమాదం. నట్టు విప్పి, ప్రొపెల్లర్‌ని రెండు చేతులతో లాగితే, ఇరుసు మొదట్లో మొలతాడులా బిగుసుకుని నల్లబడిన దారం కనిపిస్తుంది. దాన్ని బ్లేడుతో కోసి తీయాలి. వదిలేస్తే సీల్‌ని కోసుకుంటూ లోపలికి పోతుంది, నీళ్లు మోటార్‌లోకి చేరతాయి. నేను పడవ ఒడ్డు చేరిన ప్రతిసారీ విప్పి చూస్తాను. అక్కడే అడ్డంగా ఉండే చిన్న పిన్ను విరగొచ్చు, విరిగితే మోటార్ తిరుగుతుంది, ప్రొపెల్లర్ తిరగదు. ఆ పిన్ను, నట్టు ఒక జత అదనంగా, ఒక పట్టకారు డబ్బాలో వేసుకోండి.

వలల మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. పులికాట్‌లో జాలర్లకి ఎవరు ఎక్కడ, ఏ రోజు వల వెయ్యాలో పాడు అనే కట్టుబాటు తరాల నుంచీ ఉంది. మనం సరదాకి వెళ్తున్నాం, వాళ్లకి అది కూడు. ఒడ్డున అడిగి, వాళ్లు చూపించిన దారినే పోవడం మర్యాద. ఆ సరస్సు పక్షుల అభయారణ్యం కూడా, అటవీశాఖ నిబంధనలు ఉంటాయి. ముట్టుకాడులోనూ టూరిజం బోట్‌హౌస్ ఉంది, సొంత పడవ దించేముందు కనుక్కోండి. 2011 క్రిస్మస్ రోజున పులికాట్‌లో పడవ తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇద్దరికీ లైఫ్ జాకెట్లు ఒంటి మీద ఉండాలి, పడవ అడుగున కాదు. సముద్రం కలిసే ముఖద్వారాల దగ్గరికి ట్రోలింగ్ మోటార్‌తో పోవద్దు, పోటు వెనక్కి తీసేటప్పుడు ఆ వాలుని ఇది గెలవలేదు.

పెట్రోల్ ఇంజన్ సంగతి. ఒక వైపు నాలుగైదు కిలోమీటర్లు పోవాలన్నది మీ ఉద్దేశమైతే నిజంగా 2 హెచ్‌పీ ఇంజనే మేలు. అక్కడికి చేరాక పండుగప్ప దాక్కునే చోట ఒడ్డు పక్కనే చప్పుడు లేకుండా జరుగుతూ వెయ్యడానికే ట్రోలింగ్ మోటార్. నా వేట రెండు కిలోమీటర్ల లోపే, అందుకని పెట్రోల్ జోలికి పోలేదు. ఏది పెట్టినా తెడ్లు, లంగరు, ఒక పొడుగాటి వెదురు గడ పడవలో ఉండాల్సిందే. పులికాట్ లోతుకి ఆ గడ మోటార్ కంటే నమ్మకమైనది.

ఇక షాఫ్ట్ పొడుగు. పడవ వెనక పలక పై అంచు నుంచి నీటి మట్టం దాకా కొలవండి, ఇద్దరూ ఎక్కి కూర్చున్నాక. ప్రొపెల్లర్ పై అంచు నీటికి బాగా కింద ఉండాలి, లేకపోతే గాలి పీల్చి చప్పుడు చేస్తుంది. మామూలుగా మన ఫైబర్ పడవలకి 30 లేదా 36 అంగుళాల షాఫ్ట్ సరిపోతుంది. ఫైబర్ పలక పల్చగా ఉంటే లోపలా బయటా ప్లైవుడ్ ముక్క పెట్టి క్లాంప్ బిగించండి, పడవకీ మోటార్‌కీ మధ్య ఒక తాడు కట్టండి. క్లాంప్ మరలు ఊగులాటకి వదులవుతాయి. ఆ కొలత తీసి కింద రాయండి, ఫోటో ఉంటే అదీ పెట్టండి, 30దా 36దా చూసి చెప్తాను.