టెక్ సందేహాలు: ఎండలో మొరాయించే కారు, నీడలో దొరకని లోపం

వేసవి ముదిరేకొద్దీ ఈ శీర్షికకు ఫోన్ల గురించి వచ్చే ప్రశ్నలు తగ్గి, కార్ల గురించి వచ్చేవి పెరుగుతాయి. ఈసారి ఎంచుకున్న వాటిలో చాలావరకు ఒకే చిక్కు ఉంది: లోపం వేడి మీద బయటపడుతుంది, పరీక్ష మాత్రం చల్లబడ్డాక జరుగుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి జ్వరం దిగిపోయిన రోగి పరిస్థితే ఈ కార్లదీ. అందువల్ల ఏ భాగం మార్చాలన్న ప్రశ్నకు ముందు, కారు మొరాయించిన ఆ కొద్ది నిమిషాల్లో ఏం కొలవాలో తెలుసుకోవడం అవసరం.

ప్రశ్న: ఉదయం కారు ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. ఎండలో గంటకు పైగా నడిపి, పది నిమిషాలు ఆపి మళ్లీ తాళం తిప్పితే ‘టక్’మని ఒకే ఒక్క శబ్దం వచ్చి ఊరుకుంటుంది. అరగంట ఆగితే మామూలుగానే స్టార్ట్ అవుతుంది. కొత్త బ్యాటరీ వేయించినా మార్పు లేదు. షెడ్డులో చూపిస్తే అన్నీ బాగానే ఉన్నాయంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఇంజిన్ ఆపగానే బానెట్ కింద వేడి తగ్గిపోతుందని అనుకుంటాం గానీ, జరిగేది దానికి విరుద్ధం. కూలెంట్ ప్రవాహం, ఎదురుగాలి రెండూ ఒక్కసారిగా ఆగిపోవడంతో ఇంజిన్‌లో నిలిచిన వేడి చుట్టూ ఉన్న భాగాలకు పాకి, మొదటి కొన్ని నిమిషాల్లో వాటి ఉష్ణోగ్రత ఇంకా పెరుగుతుంది. చాలా కార్లలో సెల్ఫ్ మోటారు ఇంజిన్‌ను ఆనుకునే ఉంటుంది, కొన్నింటిలో ఎగ్జాస్ట్ గొట్టం పక్కనే ఉంటుంది. రాగి నిరోధం ప్రతి డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.39 శాతం చొప్పున పెరుగుతుంది కాబట్టి, 25 డిగ్రీల దగ్గర ఉన్న సోలెనాయిడ్ (తాళం తిప్పగానే మోటారుకు కరెంటు దారి కలిపే అయస్కాంత స్విచ్) కాయిల్ 100 డిగ్రీలకు చేరితే దాని నిరోధం దాదాపు 30 శాతం పెరిగి, అదే వోల్టేజీకి అందులో పారే కరెంటు ఐదో వంతుకు పైగా తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న సెల్ఫ్ ఈ మాత్రం నష్టాన్ని తట్టుకుంటుంది. తుప్పు పట్టిన ఎర్త్ వైరో (బ్యాటరీ నెగెటివ్‌ను కారు బాడీకి, ఇంజిన్‌కు కలిపేది), అరిగిన కాంటాక్టులో ముందే ఉంటే మాత్రం అక్కడితో చేతులెత్తేస్తుంది.

శబ్దం ఎలా ఉందన్నది మొదటి ఆధారం. ‘టకటకటక’మని వరుసగా కొట్టుకుంటే, లోడు పడగానే బ్యాటరీ వోల్టేజీ కూలిపోతోందని అనుమానించవచ్చు. ఏ శబ్దమూ రాకపోతే సోలెనాయిడ్‌కు ఆదేశమే చేరడం లేదని, అంటే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్), తాళం స్విచ్, క్లచ్ లేదా న్యూట్రల్ స్విచ్‌లలో ఏదో ఒకటి పనిచేయడం లేదని భావించాలి. మీరు చెప్పిన ఒకే ఒక్క ‘టక్’ ఈ రెంటికీ మధ్యది: సోలెనాయిడ్ కదిలింది గానీ మోటారు తిరగలేదు.

ఇక మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ రేంజ్‌లో పెట్టి, కారు మొరాయించినప్పుడే కొలవండి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేసి, తాళం తిప్పే పని మరొకరికి అప్పగించండి. ముందుగా బ్యాటరీ పోస్టుల మీదే, అంటే వైరు బిగించిన క్లాంపు మీద కాకుండా మధ్యలోని సీసపు దిమ్మ మీదే, ప్రోబులు ఆనించి చూడండి. తాళం తిప్పినప్పుడు రీడింగు 9.6 వోల్టుల కిందికి పడిపోతే, బ్యాటరీ అయినా బలహీనమై ఉండాలి, లేదా మోటారు బిగుసుకుపోయి అతిగా కరెంటు లాగుతూ ఉండాలి. రీడింగు 12 దగ్గరే ఉంటే కరెంటు మోటారు దాకా వెళ్లడమే లేదన్నమాట. అప్పుడు నలుపు ప్రోబును బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీదే ఉంచి, ఎరుపు ప్రోబుతో సెల్ఫ్ మీద ఉన్న మూడు చోట్ల వరుసగా చూడాలి. సన్న వైరు దగ్గర పది వోల్టులకు బాగా తక్కువ వస్తే తప్పు రిలే వైపు ఉంది. బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరు బోల్టు దగ్గర 12 ఉండి, మోటారు లోపలికి వెళ్లే బోల్టు దగ్గర సున్నా ఉంటే సోలెనాయిడ్ కాంటాక్టులు కాలిపోయాయి. లావు వైరు బోల్టు దగ్గరే వోల్టేజీ పడిపోతుంటే ఆ వైరులోనో దాని బిగింపులోనో లోపం ఉంది. చివరగా నెగెటివ్ పోస్టుకు, సెల్ఫ్ బాడీకి మధ్య కొలవండి. తాళం తిప్పినప్పుడు అర వోల్టు దాటి కనిపిస్తే ఎర్త్ వైరు విప్పి, శుభ్రం చేసి బిగించాల్సిందే.

ఈ రీడింగులనే మరునాడు ఉదయం చల్లని ఇంజిన్ మీద కూడా తీసుకుని, రెండు వరుసలూ కాగితం మీద పక్కపక్కన రాసి మెకానిక్‌కు ఇవ్వండి. ‘అన్నీ బాగానే ఉన్నాయి’ అన్న మాటకు అంతకంటే మంచి సమాధానం ఉండదు. అయితే సెల్ఫ్ ఉన్న చోటికి చెయ్యి సులువుగా చేరకపోతే ఈ సాహసం మీరు చేయవద్దు. ఎగ్జాస్ట్ గొట్టం చర్మాన్ని క్షణంలో కాల్చేస్తుంది, రేడియేటర్ ఫ్యాను ఇంజిన్ ఆగి ఉన్నా హఠాత్తుగా తిరగవచ్చు.

ప్రశ్న: బాగా ఎండగా ఉన్న రోజుల్లో నడుస్తున్న కారు ఉన్నట్టుండి ఆగిపోతోంది. సెల్ఫ్ చక్కగా తిరుగుతుంది గానీ ఇంజిన్ అందుకోదు. చల్లబడ్డాక అందుకుంటుంది. పెట్రోలు పంపు మార్చమంటున్నారు, మార్చమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. ఈ లక్షణాలకు పంపు కంటే ముందు అనుమానించాల్సింది క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్‌ను. ఇంజిన్ ఎంత వేగంతో, ఏ స్థానంలో తిరుగుతోందో కారులోని కంప్యూటర్‌కు చెప్పేది ఇదే. దీని సంకేతం ఆగితే చాలా కార్లలో ఇంధనం, స్పార్కు రెండూ ఆగిపోతాయి. లోపలి సన్నని తీగలో పగులు ఉంటే వేడికి వ్యాకోచించి విడిపోతుంది, చల్లబడ్డాక మళ్లీ తాకుతుంది.

ఆగిపోయిన వెంటనే సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం ముల్లును గమనించండి. చాలా కార్లలో అది 200 దగ్గర కొద్దిగా లేవాలి. అస్సలు కదలకపోతే సెన్సర్ మీద అనుమానం బలపడుతుంది. కొన్ని కార్ల మీటరు సెల్ఫ్ సమయంలో ఆర్‌పీఎం చూపించదు కాబట్టి, ఓబీడీ అడాప్టర్ (కారు కంప్యూటర్‌లోని వివరాలను ఫోన్‌కు పంపే చిన్న ప్లగ్) పెట్టి ఫోన్‌లోని యాప్‌లో లైవ్ డేటా చూడటం మేలు. పీ0335 అనే కోడ్ నమోదై ఉంటే ఆ దారిలోనే ముందుకు వెళ్లవచ్చు, కానీ కోడ్ సెన్సర్ వలయాన్ని చూపిస్తుందే తప్ప సెన్సరే పోయిందని తీర్పు చెప్పదు. కనెక్టర్, వైరు కూడా ఆ వలయంలోవే. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అనే వివరం ఉంటే, లోపం నమోదైన క్షణంలో కూలెంట్ ఉష్ణోగ్రత, వేగం ఎంతో కూడా తెలుస్తుంది. బ్యాటరీ వైరు తీసి పెట్టి ‘రీసెట్’ చేసే అలవాటు చాలామందికి ఉంది. దానివల్ల చాలా కార్లలో ఈ సాక్ష్యమంతా చెరిగిపోతుంది.

ఆర్‌పీఎం సరిగ్గా వస్తూ ఉంటే అప్పుడు పంపు వంతు. చాలా పెట్రోలు కార్లలో తాళం ఆన్ చేయగానే వెనుక సీటు వైపు నుంచి ఒకటి రెండు సెకన్లు సన్నని మూలుగు వినిపిస్తుంది. అది లేకపోతే పంపు విప్పే ముందు దాని ఫ్యూజు, రిలే చూడండి. లోపలి సోల్డర్ పగిలిన రిలే కూడా వేడికి ఇలాగే ప్రవర్తిస్తుంది, దాన్ని మార్చడం పంపు మార్చడం కంటే ఎంతో తేలిక. పరీక్ష పూర్తయ్యేదాకా ఈ కారును వేగంగా వెళ్లే రోడ్ల మీదికి తీసుకెళ్లకండి. ఇంజిన్ ఆగాక స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకుకు బూస్టర్ సహాయం రెండు మూడు తొక్కుళ్ల వరకే మిగులుతుంది.

ప్రశ్న: వేడికి బ్యాటరీ నిజంగా పాడవుతుందా? మాది రెండేళ్లకే పోయింది. దాన్ని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ తప్పేమో తెలుసుకోవడం ఎలా?

జవాబు: పాడవుతుంది. సీసపు బ్యాటరీ లోపలి రసాయన చర్యల వేగం ప్రతి 10 డిగ్రీలకు సుమారు రెట్టింపు అవుతుందన్నది ఒక స్థూలమైన లెక్క. పాజిటివ్ ప్లేట్ల తుప్పు, నీరు ఆవిరైపోవడం రెండూ దాంతో పాటే పెరుగుతాయి. అందుకే వేసవిలో దెబ్బతిన్న బ్యాటరీ కొన్నిసార్లు చలికాలంలో గానీ బయటపడదు.

కారు కొన్ని గంటలు ఆగి ఉన్నాక 12.6 వోల్టులు చూపిస్తే చార్జింగు నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. ఇంజిన్ నడుస్తుండగా సాధారణంగా 13.5 నుంచి 14.7 వరకు ఉండాలి. బాగా వేడిగా ఉన్నప్పుడు చార్జింగు వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ కావాలనే కొంత తగ్గిస్తుంది కాబట్టి ఆ తగ్గుదలను చూసి కంగారు పడనక్కర్లేదు. కొత్త కార్లలో కంప్యూటరే అవసరాన్ని బట్టి మార్చుతుంటుంది. వేడి ఇంజిన్ మీద 15 దాటి నిలిచి, కుళ్లిన గుడ్ల వాసన వస్తే మాత్రం బ్యాటరీని అతిగా చార్జ్ చేస్తున్నట్టే, వెంటనే ఇంజిన్ ఆపేయాలి. ఇంజిన్ నడుస్తుండగానే మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల (ఆల్టర్నేటింగ్ కరెంటు) రేంజ్‌కు మార్చి అవే పోస్టుల మీద అర వోల్టుకు మించి వస్తే ఆల్టర్నేటర్ డయోడ్‌లను అనుమానించాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి ‘ఆగుతుందా లేదా’ చూసే పాత పద్ధతి మాత్రం ఎవరు చెప్పినా వినకండి. ఆ క్షణంలో పుట్టే వోల్టేజీ ఉప్పెన కంప్యూటర్‌నే కాల్చగలదు.

బ్యాటరీ, ఆల్టర్నేటర్ రెండూ సవ్యంగా ఉంటే, కారు నిద్రపోయాక కూడా ఏదో కరెంటు లాగుతూ ఉండవచ్చు. సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్లలోపు ఉండాలి. అర ఆంపియర్ లాగితే 45 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ నాలుగు రోజులు కూడా నిలవదు. తలుపులు మూసి గంటసేపు వదిలేసి, ఫ్యూజులు పీకకుండానే ఒక్కో ఫ్యూజు నెత్తి మీద కనిపించే రెండు చిన్న లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు కొలవండి. సున్నా కాకుండా ఏదైనా కనిపిస్తే కరెంటు ఆ దారిలో పోతోంది. పీకితే నిద్రలో ఉన్న కంప్యూటర్లు మేల్కొని లెక్క తప్పుతుంది. కోడ్‌లు చూడటానికి పెట్టి మరిచిపోయిన ఓబీడీ అడాప్టర్ కూడా ఈ దొంగల్లో ఒకటి.

ప్రశ్న: ఎండలో నిలిపిన కారులో డ్యాష్‌క్యామ్, టచ్ స్క్రీన్ రెండూ నల్లబడిపోతున్నాయి. పాడైపోయినట్టేనా?

జవాబు: టచ్ స్క్రీన్ చాలావరకు తనను తాను కాపాడుకోవడానికే ఆగిపోతుంది. అద్దాలు దించి, వేడి గాలి బయటికి పోయాక ఏసీ వేస్తే కొద్దిసేపట్లో తిరిగి రావాలి. చల్లబడ్డాక కూడా రాకపోతేనే ఫ్యూజు చూడండి. డ్యాష్‌క్యామ్ విషయంలో లోపల ఉన్నది లిథియం బ్యాటరీయా, సూపర్ కెపాసిటరా (బ్యాటరీకి బదులు కొద్దిపాటి చార్జిని నిల్వ చేసే భాగం) అన్నది ముఖ్యం. మొదటిది వేడికి ఉబ్బుతుంది, క్యామ్ పైపెట్టె అతుకు విచ్చుకున్నట్టు కనిపిస్తే ఇక దాన్ని చార్జ్ చేయకుండా కారులోంచి తీసేయండి. కొత్తది కొనేటప్పుడు సూపర్ కెపాసిటర్ ఉన్నదే ఎంచుకుని, పార్కింగ్ మోడ్ (కారు ఆపి ఉన్నా రికార్డింగ్ చేసేది) వాడాలనుకుంటే కారు బ్యాటరీ వోల్టేజీ 12.2కు పడిపోగానే ఆగిపోయేలా సెట్టింగ్ పెట్టండి.