డోసు పెంచే ముందు పొట్ట తడిమి చూడండి

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్లు, రెంటచింతల దగ్గర పల్లెలో ఉంటుంది. 30/70 ఇన్సులిన్ (త్వరగా పనిచేసేది, నెమ్మదిగా పనిచేసేది కలిపిన మందు) పొద్దున, రాత్రి సిరంజితో తనే వేసుకుంటుంది. తిండి, డోసు మారలేదు, అయినా పరగడుపున షుగర్ ఒకరోజు 110 ఉంటే మర్నాడు 290. డోసు కాస్త పెంచమంటారా? కరెంటు పోతే మందు పాడవుతుందేమోనని టెన్షన్. పైగా శనివారం ఉపవాసం మానదు.
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఇప్పుడే పెంచకండి. డోసు చాలకపోతే షుగర్ మామూలుగా రోజూ ఎక్కువే ఉంటుంది. ఇలా ఎగిరెగిరి పడుతోందంటే మందు ఒంటికి ఒక్కోరోజు ఒక్కోలా పడుతోందేమో ముందు చూడాలి. ఈసారి ఊరెళ్లినప్పుడు అమ్మ సూది వేసుకునే చోట వేళ్లతో నెమ్మదిగా తడమండి. చాలామంది బొడ్డుకు ఒక పక్కనే, చెయ్యి అలవాటుగా పోయే చోటే ఏళ్ల తరబడి పొడుచుకుంటారు, అక్కడ నొప్పి పెద్దగా తెలియదు మరి. కానీ అక్కడి కొవ్వు ఉబ్బి గడ్డకట్టినట్టు అవుతుంది, అందులో వేసిన ఇన్సులిన్ ఒకరోజు ఎక్కుతుంది, ఒకరోజు ఎక్కదు. అలాంటి గడ్డ దొరికితే ఆ చోటు కొన్ని నెలలు వదిలేసి పొట్ట రెండో పక్కన, తొడల మీద, ప్రతిసారీ వేలి వెడల్పంత జరిగి వేసుకోవాలి. అయితే చోటు మార్చేది డాక్టర్‌కి చెప్పాకే, ఎందుకంటే మంచి చోట వేస్తే అదే డోసు ఎక్కువైపోయి షుగర్ పడిపోవచ్చు. మీరు పెంచుదామనుకున్నది తగ్గించాల్సి వచ్చినా ఆశ్చర్యం లేదు!

సిరంజి కూడా చూడండి. సీసా మీద 40 (అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్ల మందు) అని ఉంటే ఎర్రమూత సిరంజి, 100 అని ఉంటే నారింజ రంగు మూతది. 100 మందును 40 సిరంజితో తీస్తే ఒంట్లోకి రెండున్నర రెట్లు పోతుంది, షాపులో ఏదిస్తే అది తెచ్చుకునే వ్యవహారం కాదిది. వేసుకునే ముందు సీసాను అరచేతుల మధ్య దొర్లించి, మందు అంతటా ఒకేలా తెల్లగా కలిశాకే తీయాలి.

వాడుతున్న సీసా 30 డిగ్రీల లోపు ఉంటే ఫ్రిజ్ లేకపోయినా నాలుగు వారాలు పనిచేస్తుంది. అమ్మ ఉండే వైపు మే నెలలో 45 దాటే రోజులుంటాయి కాబట్టి, కరెంటు పోయినప్పుడు సీసాను నీళ్లు చొరబడని డబ్బాలో పెట్టి, తడి ఇసుకలో కూర్చోబెట్టిన మట్టికుండలో నీడన ఉంచండి. ఫ్రీజర్‌లో మాత్రం వద్దు, ఒకసారి గడ్డకట్టిన మందు పారేయాల్సిందే.

ఇక శనివారం. మామూలు డోసు వేసుకుని పస్తుంటే ప్రమాదం, అలాగని సూది పూర్తిగా మానేసినా తప్పే. ఆ రోజు ఏ పూట ఎంత వేసుకోవాలో డాక్టర్‌తో చీటీ మీద రాయించుకోండి. షుగర్ 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. చెమటలు, వణుకు మొదలైతే మీటర్ వెతుక్కుంటూ కూర్చోకుండా ముందు పంచదార తాగమనండి, వెంకన్న ఏమీ అనుకోడు. తెలివి తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలని పక్కింటివాళ్లకి కూడా చెప్పి ఉంచండి.