పైపెదవి మీద రవ్వ గింజల్లాంటి తెల్లచుక్కలు... సుఖవ్యాధి అనుకుని భయపడుతున్నాను

ప్రశ్న: నా వయసు 25. మాది వరంగల్ దగ్గర పల్లె, హైదరాబాద్‌లో ఉద్యోగం. రెండు నెలల్లో పెళ్లి. ఈమధ్య గడ్డం గీసుకుంటుంటే పైపెదవి మీద సన్నటి తెల్లచుక్కలు కనిపించాయి. నొప్పి లేదు, దురద లేదు. బుగ్గల లోపల కూడా ఉన్నాయి. మర్మాంగం మీద చర్మం లాగి చూస్తే అక్కడా అలాంటివే. ఫోన్‌లో వెతికితే హెర్పిస్ అని, పులిపిర్లు అని ఏవేవో ఫొటోలు వచ్చాయి. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు మూడు వారాలుగా రాస్తున్నా తగ్గలేదు. ఒకటి రెండు చుక్కల్ని సూదితో గుచ్చి నొక్కాను కూడా. ల్యాబ్‌లో రక్తపరీక్ష చేయిస్తే హెర్పిస్ ఐజీజీ పాజిటివ్ అని వచ్చింది. నాకు ఇంతవరకూ ఎవరితోనూ శారీరక సంబంధం లేదు. పెళ్లి వాయిదా వేయమని ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక నిద్ర పట్టడం లేదు. పేరు రాయొద్దు.

సలహా: ముందుగా ఒక్క మాట. ఈ చుక్కల కోసం పెళ్లి వాయిదా వేయాల్సిన పనే లేదు.

మీరు చెప్పిన గుర్తులన్నీ ‘ఫోర్డైస్ స్పాట్స్’కి సరిపోతున్నాయి. చూడకుండా నూటికి నూరుపాళ్లు తేల్చి చెప్పడం నాకు ఇష్టం ఉండదు కాబట్టి, ఒకసారి స్కిన్ డాక్టర్‌కి చూపించుకోండి. రెండు నిమిషాల్లో చెప్పేస్తారు. చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీ దాదాపు ఎప్పుడూ అవసరం పడదు.

అసలు ఇవేమిటో చెబుతాను. మన చర్మం ఎండిపోకుండా నూనెలాంటి పదార్థాన్ని వదిలే గ్రంథులు అరచేతులు, అరికాళ్లు తప్ప ఒళ్లంతా ఉంటాయి. మామూలుగా ఇవి వెంట్రుక కుదురుకి అంటిపెట్టుకుని ఉంటాయి. గ్రంథిలో తయారైన నూనె ఆ వెంట్రుక వెంబడే పైకి వస్తుంది. పెదవి మీద, బుగ్గ లోపల వెంట్రుకలు ఉండవు కదా. అయినా చాలామందికి అక్కడ కూడా నూనె గ్రంథులు ఏర్పడతాయి. దాచే వెంట్రుక లేదు, పైన చర్మం పల్చగా ఉంటుంది. దాంతో లోపలి నూనె లేత పసుపు, తెలుపు చుక్కలుగా బయటికి కనిపిస్తుంది. ఒక్కోటి ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు ఉంటుంది, అంతే. జాన్ అడిసన్ ఫోర్డైస్ అనే అమెరికా చర్మవైద్యుడు 1896లో వీటి గురించి రాశారు. అందుకే ఆ పేరు వచ్చింది.

పుస్తకాల్లో వీటిని ‘చోటు తప్పిన గ్రంథులు’ అంటారు. నాకు ఆ మాట అంతగా నచ్చదు. పెద్దవాళ్లలో పదిమందిని చూస్తే ఏడెనిమిది మందికి ఇవి ఉంటాయి. అంతమందికి ఉన్నదాన్ని లోపం అని ఎలా అంటాం? కనురెప్పల అంచున ఉండే మైబోమియన్ గ్రంథులు కూడా నూనె గ్రంథులే, వాటికీ వెంట్రుకతో సంబంధం లేదు. వాటిని ఎవరూ జబ్బు అనరు.

మరి నిన్నమొన్నటి దాకా లేనివి ఇప్పుడెందుకు వచ్చాయి అంటారా? కొత్తగా రాలేదు. పుట్టినప్పటి నుంచే ఉంటాయి. యుక్తవయసులో హార్మోన్ల వల్ల నూనె గ్రంథులు పెరుగుతాయి, అప్పుడు కంటికి ఆనుతాయి. మగవాళ్లలో కాస్త ఎక్కువగా కనిపిస్తాయి. మీరు వాటిని ఇప్పుడు గమనించారు, అంతే. పెళ్లి కుదిరాక అద్దం ముందు నిలబడే సమయం పెరుగుతుంది. ఈ చుక్కలతో నా దగ్గరికి వచ్చేవాళ్లలో పెళ్లి కుదిరినవాళ్లు చాలామందే ఉంటారు.

ఇంట్లోనే ఒకటి చేసి చూడండి. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర అద్దం పెట్టుకుని పైపెదవిని రెండు వేళ్లతో పక్కలకు మెల్లగా లాగండి. చుక్కలు బొంబాయి రవ్వ చల్లినట్టు స్పష్టంగా తేలతాయి. వదిలేయగానే సగం మాయమవుతాయి. వేలితో తడిమితే దాదాపు ఏమీ తగలదు. తుడిస్తే పోవు. నెలల తరబడి చూసినా అదే చోట, అదే సైజులో ఉంటాయి. మా క్లినిక్‌కి కుర్రాళ్లు తండ్రిని వెంటబెట్టుకుని వస్తే నేను ఒక పని చేస్తాను. పెద్దాయన్ని కూడా లైటు కిందకి రమ్మని ఆయన పెదవి లాగి కొడుక్కి చూపిస్తాను. చాలాసార్లు అక్కడా అవే చుక్కలు కనిపిస్తాయి. ఆయనకి యాభై ఏళ్లుగా ఉన్నాయని ఆయనకే తెలియదు. ఆ కుర్రాడి ముఖంలో భయం అక్కడికక్కడే దిగిపోతుంది. నా బుగ్గల లోపల కూడా ఉన్నాయి.

హెర్పిస్ తీరు పూర్తిగా వేరు. ముందు చురచుర మంట, ఆ తర్వాత గుత్తిగా నీటిపొక్కులు వస్తాయి. అవి పగిలి పుండై, చెక్కు కట్టి, వారం పది రోజుల్లో మానిపోతాయి. నెలల తరబడి నొప్పి లేకుండా కదలకుండా ఉండే చుక్క హెర్పిస్ కాదు. పులిపిర్లు గరుకుగా ఉంటాయి, సైజు, సంఖ్య పెరుగుతూ పోతాయి. మొలస్కం అనే వైరస్ కాయలు గుండ్రంగా, నున్నగా ఉండి మధ్యలో చిన్న గుంట పడి ఉంటాయి. మీరు రాసినవాటిలో ఈ గుర్తులేవీ లేవు.

ఇక మీ నిద్ర పోగొట్టిన ఆ రక్తపరీక్ష సంగతి. ఐజీజీ పాజిటివ్ అంటే ఆ వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని మాత్రమే అర్థం. హెర్పిస్‌లో రెండు రకాలు ఉన్నాయి. మొదటి రకం చాలామందికి చిన్నప్పుడే, ఇంట్లోవాళ్లు ముద్దు పెట్టుకున్నప్పుడు లాలాజలం ద్వారా వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 50 ఏళ్లలోపు వాళ్లలో సుమారు మూడింట రెండొంతుల మందికి ఈ మొదటి రకం వైరస్ ఉంది. మీ రిపోర్టులో ఏ రకమో రాశారా, లేక రెండూ కలిపి ఇచ్చారా చూడండి. ఏది రాసి ఉన్నా, ఈ చుక్కలకీ ఆ రిపోర్టుకీ సంబంధం లేదు. పొక్కు లేనివాళ్లకి ఈ పరీక్ష రాయడం నేను సమర్థించను. డబ్బు ఖర్చు, పైగా మీలాంటివాళ్లకి నిద్రలేని రాత్రులు. రిపోర్టు పట్టుకుని స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, అనుమానం అక్కడే తీర్చుకోండి.

నాకు నిజంగా ఆందోళన కలిగించింది మీ చుక్కలు కాదు, ఆ ట్యూబు. దాని మీద క్లోబెటసాల్, బెటామెథసోన్, మొమెటసోన్ లాంటి పేర్లలో ఏదైనా ఉంటే అది స్టిరాయిడ్. మన దగ్గర మెడికల్ షాపులో తెల్లగా కనిపించిన ప్రతిదానికీ ఇలాంటి ట్యూబే చేతిలో పెడతారు. ఫోర్డైస్ చుక్కల మీద అది ఏమీ పనిచేయదు. కానీ వారాల తరబడి రాస్తే పెదవి చుట్టూ, మర్మాంగం మీద చర్మం పల్చబడుతుంది, నోటి చుట్టూ ఎర్రటి పొక్కులు వస్తాయి. ఈరోజే ఆపేయండి. ఆపిన కొద్దిరోజులకి అక్కడ ఎర్రబడటం, మంట రావచ్చు. అప్పుడు మళ్లీ అదే ట్యూబు రాయకండి, డాక్టర్‌కి చూపించండి. ట్యూబుని కూడా వెంట తీసుకెళ్లండి.

సూదితో గుచ్చడం కూడా ఇక వద్దు. నొక్కితే కాస్త తెల్లటి ముద్ద బయటికి వస్తుంది, గ్రంథి మాత్రం అక్కడే ఉంటుంది. ఇన్‌ఫెక్షన్ పడితే లేని పుండు తెచ్చుకున్నట్టు అవుతుంది. వెల్లుల్లి నూరి పెట్టుకుని, నిమ్మరసం రుద్ది, టూత్‌పేస్టు పూసి పెదవులు కాల్చుకుని వచ్చినవాళ్లని చూశాను. చుక్కలు పోలేదు, పైగా నల్లమచ్చలు మిగిలాయి.

చూడటానికి బాగోలేదని తీయించుకోవాలనుకుంటే కార్బన్ డయాక్సైడ్ లేజర్, కరెంటుతో మాడ్చే పద్ధతి ఉన్నాయి. మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ మాత్రలతో కొంత తగ్గుతాయి కానీ ఆపితే మళ్లీ కనిపిస్తాయి. ఆ మాత్రలు గర్భిణులు అస్సలు వాడకూడదు, బిడ్డకు తీవ్రమైన లోపాలు వస్తాయి. లేజర్ తర్వాత మన చామనఛాయ చర్మం మీద నల్లబడటం, చిన్న మచ్చ మిగలడం మామూలే. ఆ మచ్చ ఈ చుక్క కంటే ఎక్కువ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పెళ్లి రెండు నెలల్లో ఉందనగా పెదవి మీద లేజర్ పెట్టించుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. వైద్యపరంగా అయితే చికిత్స అవసరమే లేదు.

ఇవి అంటువ్యాధి కాదు. ముద్దు వల్ల, కలయిక వల్ల, ఒకే గ్లాసులో నీళ్లు తాగడం వల్ల మీ భార్యకి రావు. పిల్లలు పుట్టడానికీ అడ్డు కావు. నిజంగా సుఖవ్యాధి సోకే అవకాశం ఉన్నవాళ్లు మాత్రం ఈ జవాబు చదివి ఊరుకోకూడదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితంగా చేస్తారు, వివరాలు గోప్యంగా ఉంచుతారు. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ నంబరు 1097కి ఫోన్ చేసి కూడా అడగవచ్చు.

ఇంకొక్క విషయం, ముఖ్యంగా గుట్కా, ఖైనీ, జర్దా కిళ్లీ అలవాటు ఉన్నవాళ్లకి. బుగ్గ లోపల విడివిడి చుక్కలు కాకుండా, తుడిచినా పోని తెల్లటి పొర ఉన్నా, కారం తగిలితే భగ్గుమన్నా, నోరు పూర్తిగా తెరవలేకపోతున్నా, రెండు మూడు వారాలు దాటినా మానని పుండు ఉన్నా ఫోర్డైస్ అనుకుని వదిలేయకండి. వెంటనే డెంటల్ డాక్టర్‌కో, ఈఎన్‌టీ డాక్టర్‌కో చూపించండి. క్యాన్సర్‌కి ముందు దశలు అలాగే మొదలవుతాయి.

మీకు ఆ అలవాట్లు ఉన్నాయో లేదో మీరు రాయలేదు. ఉంటే, స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు దాచకుండా చెప్పి నోరంతా ఒకసారి చూడమనండి. ట్యూబు ఆపిన రెండు వారాల తర్వాత పెదవి ఎలా ఉందో మళ్లీ రాయండి.