చేతి మీద ‘అమ్మ’ అని ఉంటే ఆర్మీలో తీసుకోరా?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లెటూరు సార్. మా అబ్బాయికి 19 ఏళ్లు. ఇంటర్ అయ్యాక ఆర్మీలో అగ్నివీర్‌కీ, కేంద్ర బలగాల్లో కానిస్టేబుల్ పోస్టుల కోసం పెట్టే ఎస్‌ఎస్‌సీ జీడీకీ ప్రిపేర్ అవుతున్నాడు, రోజూ తెల్లవారకముందే గ్రౌండ్‌కి పోతాడు. జాతరలో కుడి ముంజేతికి లోపలివైపు ‘అమ్మ’ అని పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. తర్వాత ఫ్రెండ్స్‌తో వైజాగ్ వెళ్లి అదే చేతి జబ్బ మీద రంగుల నెమలి పింఛం వేయించుకొచ్చాడు. టాటూ ఉంటే తీసుకోరని కోచింగ్‌లో ఎవరో అన్నారట, అప్పట్నుంచి సరిగ్గా అన్నం తినడం లేదు. నా మీద ప్రేమతో పొడిపించుకున్నదే వాడికి అడ్డమవుతుందా? ప్రైవేటులో అయినా ఇబ్బందేనా?

జవాబు: అమ్మా, ముందు మీరు టెన్షన్ పడకండి, బాబుని కూడా కూర్చోబెట్టి అన్నం పెట్టండి. టాటూ ఉంటే తీసుకోరు అన్న మాట సగమే నిజం. ఆర్మీ డాక్టరు ముఖ్యంగా చూసేది ఎక్కడ రాసుంది అని. మీ అబ్బాయి విషయంలో చిక్కేమిటంటే, రెండు టాటూలు, రెండు రకాల ఉద్యోగాలు, ఒక్కోదానికి ఒక్కో లెక్క.

ఆర్మీ సంగతి చూద్దాం. ముంజేయి లోపలివైపు, అంటే మోచేతి మడత దగ్గర్నుంచి మణికట్టు దాకా, ఇంకా అరచేతికి వెనకవైపు, ఈ రెండు చోట్ల శాశ్వత టాటూ ఉన్నా అభ్యంతరం లేదు. ఒంటి మీద ఇంకెక్కడున్నా కుదరదు. గిరిజన తెగల పిల్లలకు మాత్రం వాళ్ల ఆచారం ప్రకారం వేసుకున్నవాటికి మినహాయింపు ఉంది. ఏజెన్సీలో ముఖం మీద, చేతుల మీద పచ్చబొట్లున్న పెద్దవాళ్లను మీరూ చూసే ఉంటారు కదా, అలాంటి ఆచారాల కోసం పెట్టిందే అది. మీకు అది వర్తించదనుకుంటే, బాబు ‘అమ్మ’ ఆర్మీకి పాస్, జబ్బ మీద పింఛం ఫెయిల్. ఎయిర్‌ఫోర్స్‌లోనూ దాదాపు ఇదే లెక్క.

ఎస్‌ఎస్‌సీ జీడీకి వచ్చేసరికి కథ మారుతుంది. బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్, సీఐఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర బలగాల వైద్య నిబంధనల్లో ముంజేయి లోపలివైపు అనే ఉంటుంది కానీ ఎడమచేయి అని ప్రత్యేకంగా రాశారు. కారణం కూడా అక్కడే ఉంది, కుడిచేయి సెల్యూట్ కొట్టే చేయి. సైజు కూడా ఆ భాగంలో నాలుగో వంతు కన్నా తక్కువే ఉండాలి. దేవుడి బొమ్మ ఉన్నా, పేరు రాసి ఉన్నా వాళ్లకు ఇబ్బంది లేదు, మతపరమైన గుర్తులకూ పేర్లకూ అనుమతి ఉందని స్పష్టంగానే రాశారు. అంటే మీ మీద ప్రేమ ఎవరికీ అడ్డం కాదమ్మా, అది కుడిచేతి మీద ఉండటమే అడ్డం. అదే రెండక్షరాలు ఎడమచేతికి ఉండుంటే వాటి గురించి దిగులు పడే పనే ఉండేది కాదు.

పింఛం ఎలాగూ తీయించాల్సిందే, అందులో ఆలోచించడానికేం లేదు. ‘అమ్మ’ సంగతి ఏంటంటే, అగ్నివీర్ ఒక్కటే చాలనుకుంటే ఉంచుకోవచ్చు. కానీ అగ్నివీర్ నాలుగేళ్ల ఉద్యోగం, ఆ తర్వాత పర్మనెంట్ చేసేది 25 శాతం వరకే. మిగతావాళ్లలో చాలామంది మళ్లీ చూసేది ఈ కేంద్ర బలగాల వైపే, మాజీ అగ్నివీరులకు వాటిల్లో రిజర్వేషన్ కూడా ఉంది. అప్పుడు ఆ కుడిచేయి మళ్లీ డాక్టరు ముందుకు వస్తే? పైగా జీడీలో పోస్టులు తక్కువేం కాదు, 2024 సెప్టెంబరులో ఇచ్చిన నోటిఫికేషన్లో 39,481 ఉన్నాయి. కాబట్టి నా మాటగా చెప్తున్నా, రెండూ తీయించేయండి. చెప్పడానికి నాకూ బాధగానే ఉంది.

తీయించడం అంటే స్కిన్ డాక్టరు దగ్గర లేజర్‌తోనే, ఇంకో దారి వెతకొద్దు. ఇది ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, మీ వైపు కుర్రాడే ఒకడు కొన్నేళ్ల కింద నా దగ్గరికి వచ్చాడు, ఫ్రెండెవడో చెప్పాడని మణికట్టు పైన టాటూకి జీడితొక్క నూనె పూసుకున్నాడు. మీది జీడి ప్రాంతం, ఆ నూనె చేతికి తగిలితే ఎలా పొక్కుతుందో నేను మీకు చెప్పక్కర్లేదు. కట్టు విప్పి చూపిస్తే టాటూ ఇంకా కనిపిస్తూనే ఉంది, దాని చుట్టూ ఎర్రగా ముడుచుకుపోయిన చర్మం అదనం. ఉప్పుతో రుద్దడం, ఆన్‌లైన్లో దొరికే యాసిడ్ క్రీములు, పైన ఇంకో డిజైన్ వేయించి కప్పేయడం, ఇవన్నీ అదే బాపతు. పరీక్ష రోజున మేకప్ పూసుకెళ్తానంటాడేమో, వద్దని చెప్పండి. మెడికల్‌లో బట్టలు విప్పించి ఒళ్లంతా చూస్తారు, అక్కడ ఫౌండేషన్ నిలవదు.

లేజర్ ఒక్కరోజులో అయ్యేది కాదు. ఒక సిట్టింగ్‌కీ ఇంకోదానికీ మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి, అలా ఎన్ని పడతాయన్నది రంగును బట్టి, సిరా ఎంత లోతుకు దిగిందన్న దాన్ని బట్టి. మీకు కలిసొచ్చే విషయం ఏంటంటే, జాతరలో పొడిచే నల్లసిరా పచ్చబొట్టు మామూలుగా త్వరగానే పోతుంది. మొండికేసేది పింఛమే. నలుపు ముందు పోతుంది, ఆకుపచ్చ, నీలం ఆలస్యం చేస్తాయి, పైగా అన్ని మెషిన్లూ ఆకుపచ్చకి పనిచేయవు. డబ్బు కట్టే ముందు ‘మీ లేజర్‌తో పచ్చరంగు పోతుందా, ఎన్నిసార్లు రావాలి’ అని అడిగి తెలుసుకోండి. ఇంకోటి, జబ్బ పైభాగం, భుజం వైపు గాయం మానాక కొందరికి చర్మం ఉబ్బి గడ్డలా కడుతుంది. బాబుకి పాత దెబ్బలు ఎక్కడైనా అలా ఉబ్బి ఉంటే డాక్టరుకి ముందే చూపించండి, ఆ గడ్డ కూడా మెడికల్‌లో ప్రశ్న అవుతుంది. ఎలా చూసినా ఆరునెలల నుంచి ఏడాది చేతిలో ఉంచుకోవాలి, అందుకే నోటిఫికేషన్ వచ్చాక చూద్దాం అనుకోకుండా ఈ నెలలోనే మొదలుపెట్టండి. బిల్లులు, ప్రతి సిట్టింగ్ తర్వాత తీసిన ఫొటోలు ఒక కవర్లో దాచండి. మచ్చ ఏంటని అడిగితే చూపించడానికి పనికొస్తాయి. టాటూ తీయించుకున్నాక కూడా అన్‌ఫిట్ అన్నారని హైకోర్టు దాకా వెళ్లి గెలిచినవాళ్లు ఉన్నారు, కానీ 19 ఏళ్ల పిల్లాడు లాయరు చుట్టూ తిరిగే కన్నా గ్రౌండ్ చుట్టూ తిరగడం మంచిది.

మీరు అడగని సంగతి ఒకటి. జాతరలో ఒకే సూదితో పది మందికి పొడుస్తారు. బాబుకి హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి పరీక్షలు చేయించండి. ఏమీ ఉండకపోవచ్చు, అయినా చేయించండి. ఇది ఉద్యోగం కోసం చెప్పడం లేదు.

ప్రైవేటు సంగతికొస్తే ఇంత తలనొప్పి లేదు. సాఫ్ట్‌వేర్ వైపు చేతి మీద ఏముందో ఎవరూ పట్టించుకోరు. బ్యాంకు పరీక్షల్లో కూడా టాటూ వల్ల పక్కన పెట్టడం అనేది లేదు, ఇంటర్వ్యూకి ఫుల్ చేతుల చొక్కా, గుండీలు పెట్టుకుని వెళ్తే సరిపోతుంది. విమానాల్లో క్యాబిన్ క్రూ ఉద్యోగాలు, పెద్ద హోటళ్ల రిసెప్షన్, ఇలా మనిషిని చూపించే చోట్ల మాత్రం యూనిఫామ్ వేసుకున్నాక టాటూ కనిపించకూడదంటారు. అక్కడ చిత్రంగా లెక్క తిరగబడుతుంది, చొక్కా కింద దాగే జబ్బ మీద పింఛం పర్వాలేదు, పొట్టి చేతుల యూనిఫామ్‌లో బయటపడే ‘అమ్మ’తోనే పేచీ.

అమెరికా ఆర్మీలో మెడ వెనక కూడా వేసుకోనిస్తున్నారని బాబు ఏ రీల్ చూపించో వాదించొచ్చు. నిజమే, 2022లో వాళ్లు రూల్ సడలించి, మెడ వెనక రెండు అంగుళాల దాకా ఒకటి ఉండొచ్చన్నారు. వాళ్ల రూల్ వాళ్లది. మన దగ్గర యూనిఫామ్ విషయంలో పట్టింపు ఎక్కువ, ఎయిర్‌ఫోర్స్‌లో గడ్డం పెంచుకోవడం మీద వేసిన కేసులో కూడా 2016లో సుప్రీంకోర్టు ఫోర్స్ నిబంధన వైపే నిలబడింది. అదే నేవీలో అయితే పర్మిషన్ తీసుకుని గడ్డం పెంచుకోవచ్చు, ఒక్కో ఫోర్స్‌ది ఒక్కో పద్ధతి. అందుకే ప్రతి నోటిఫికేషన్లో మెడికల్ పేజీ వేరుగా చదవమనండి, కోచింగ్‌లో ఎవరో అన్నారు అన్నది వదిలేయమనండి.

లేజర్ అయిన చోట ఎండ తగలకూడదు కాబట్టి కొన్ని వారాలు ఫుల్ చేతుల టీషర్టుతో పరిగెత్తాలి, డాక్టరు ఆపమన్న నాలుగు రోజులు పుల్లప్స్ ఆపాలి. రన్నింగ్ ఎప్పుడు మొదలుపెట్టొచ్చో కూడా డాక్టర్నే అడగండి. పింఛానికి మొదటి సిట్టింగ్ అయ్యాక రెండు టాటూల ఫొటోలూ నాకు పంపించండి, వచ్చే నోటిఫికేషన్ తేదీలు పక్కన పెట్టుకుని ఏది ముందు అప్లై చేయాలో అప్పుడు చూద్దాం.