పరాయి ఊరి కాలిబాటలు: కడప నుంచి బయలుదేరే వారికి

ఈ వేసవిలో కడపకు వచ్చిన రెండో రోజు సాయంత్రం, మా వీధిలోనే ఉండే ఒక అమ్మాయి తన తల్లిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆమెకు పెళ్లయి ఏడాదైంది. భర్త కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఆగస్టులో ఆమె కూడా హెచ్-4 వీసా (అక్కడ హెచ్-1బీ మీద పనిచేసేవారి కుటుంబానికి ఇచ్చేది) మీద అక్కడికే వెళ్తోంది. పచ్చళ్లు, పొడులు, చలి దుస్తుల గురించి అడగవలసినవన్నీ అడిగాక, తల్లి వంటింట్లోకి వెళ్లిన అదను చూసి, "అక్కా, ఆడ ఉద్యోగం చేసేదానికి లేదు, కారు నడిపేది రాదు, పొద్దస్తమానం నాలుగు గోడల మధ్యన ఉంటే మనసెట్ల నిలుస్తుంది?" అని అడిగింది. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు, కొందరు ఏడుస్తూ అడిగారు. ఫోనులో తోచినంత చెప్పి ఊరుకున్నాను గాని, ఈసారి స్థిమితంగా కూర్చుని రాయాలనిపించింది. నా జవాబంతా 2020 ఏప్రిల్‌లో గడిచిన ఒక్క వారంలో నేను నేర్చుకున్నదే కాబట్టి ఆ వారం గురించే చెబుతాను.

2020 మార్చి 16న కరోనా కారణంగా శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టూ ఉన్న ఆరు కౌంటీలు (మన జిల్లాల వంటివి) ప్రజలందరినీ ఇళ్లలోనే ఉండమని ఆదేశించాయి. అందులో నేనూ ఉండే ఫ్రీమాంట్ ఉన్న అలమేడా కౌంటీ కూడా ఉంది. ఆ ఆదేశంలో ఒక వెసులుబాటు ఉండేది. మనుషులకు ఆరడుగుల దూరం పాటిస్తూ నడవడానికీ, పరుగెత్తడానికీ బయటికి వెళ్లవచ్చు. నెలాఖరులో పిల్లల ఆటస్థలాలు మూసివేశారు, ఉద్యానవనాల దగ్గర కార్లు నిలిపే స్థలాలు చాలాచోట్ల మూతపడ్డాయి, అయినా నడక మాత్రం ఎవరూ వద్దనలేదు. ఇక్కడ సరిగ్గా ఉగాది రోజున, మార్చి 25న, దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. అంతకు మూడు రోజుల ముందే విదేశాల విమానాలు ఆగిపోయాయి. డిసెంబరులో మా దగ్గరికి వచ్చిన అత్తమ్మ, మామయ్య తిరిగి వెళ్లే దారి లేక అక్కడే ఉండిపోయారు. రెండు పడక గదుల అపార్ట్‌మెంటులో ఆరుగురం. ఒక గదిలో మా ఆయన ఆఫీసు పని, ఇంకో గదిలో పిల్లల ఆన్‌లైన్ పాఠాలు, హాల్లో రోజంతా కర్నూలు జిల్లా కేసుల లెక్క చెప్పే టీవీ. ఏప్రిల్ మూడో వారానికి మా ఇంట్లో ఒకరితో ఒకరు నెమ్మదిగా మాట్లాడడం దాదాపు మానేశాం.

నాకు అప్పటికే మూడేళ్లుగా కాలిబాటల మీద పరుగెత్తే అలవాటు ఉంది. కడపలో చదువుకున్న రోజుల్లో బస్సు కోసం తప్ప పరుగెత్తి ఎరుగను. ఆ అలవాటు నాకు అక్కడికి వెళ్లాకే వచ్చింది. మేముండే ఆర్డెన్‌వుడ్ ప్రాంతానికి దగ్గరలోనే అలమేడా వాగు పారుతుంది. నైల్స్ లోయ నుంచి అఖాతం వరకు పన్నెండు మైళ్ల పొడవున ఆ వాగుకు రెండు వైపులా గట్లున్నాయి. దక్షిణపు గట్టు మీద తారు వేశారు, సైకిళ్లు ఎక్కువగా అటే వెళ్తాయి. ఉత్తరపు గట్టు కంకరమట్టి బాట. ఏప్రిల్ 20, సోమవారం నాడు నేనొక ఏర్పాటు చేశాను. పొద్దున ఆరున్నరకు సూర్యుడు వచ్చే వేళకు ఉత్తరపు గట్టు మీద నేనొక్కదాన్నే పరుగెత్తాలి, సాయంత్రం అందరం కలిసి తారు గట్టు మీద నడవాలి. ఈ రెండూ వేర్వేరు పనులని ఆ రోజు నాకు తెలుసు. గురువారం నాటికి ఆ సంగతి మరిచిపోయాను.

మంగళవారం సాయంత్రం వెనక నుంచి ఒక సైకిలాయన "ఆన్ యువర్ లెఫ్ట్" అని గట్టిగా అన్నాడు. లెఫ్ట్ అన్న మాట చెవిన పడగానే అత్తమ్మ గబుక్కున ఎడమవైపు జరిగారు. ఆయన బ్రేకు వేశాడు కాబట్టి ప్రమాదం తప్పింది. కొత్తగా వెళ్లే ప్రతి ఒక్కరూ ఈ మాటకు అర్థం తెలుసుకోవాలి. "మీ ఎడమ పక్క నుంచి దాటుతున్నాను, మీరు కుడివైపే ఉండండి" అని దాని భావం. అక్కడ బాటకు కుడిపక్క నడుస్తారు. రోడ్డు దాటేటప్పుడు మనం ఇక్కడ చూసే పక్కకు కాక ముందు ఎడమకు చూడాలి. ఇది మీకు నెల తిరక్కముందే అలవాటవుతుంది, కాని చూడడానికి వచ్చిన తల్లిదండ్రులకు అంత తొందరగా అలవాటు కాదు. సన్నని కొండబాట మీద పైకి ఎక్కేవారికి దిగేవారు దారి ఇవ్వాలి. పశువులు మేసే కొండల్లో గేటు తీసి లోపలికి వెళ్తే వెనక మళ్లీ మూసి గడియ వేయాలి. ఇలాంటివి ఎవరూ పిలిచి చెప్పరు, తప్పితే మాత్రం ముఖం చిట్లిస్తారు. దాన్ని మన రంగు మీద చిన్నచూపుగా తీసుకుని ఇంటికి వచ్చి బాధపడిన వారిని నేను చూశాను. చాలాసార్లు అది మనకు తెలియని ఒక మర్యాదకు సంబంధించిన విషయమే.

బుధవారం నుంచి దుకాణాల్లో, బస్సుల్లో, వరుసల్లో నిలబడే చోట ముఖానికి గుడ్డ తప్పనిసరి అయింది. నడిచేవారికీ, పరుగెత్తేవారికీ అవసరం లేదన్నారు గాని, వెంట ఉంచుకోవడం మంచిదన్నారు. అత్తమ్మ పాత నూలు చీర చించి ఆరుగురికీ కుట్టారు. ఎదుటివారు కనబడగానే మేం ఒక పక్కకు ఒదిగి, ముఖం కప్పుకుని నిలబడేవాళ్లం. వాళ్లు చెయ్యెత్తి పలకరించి వెళ్లేవారు. నెల రోజులుగా కొత్త మనిషి ముఖం చూడని మాకు ఆ చెయ్యెత్తడమే ఎంతో అనిపించింది.

గురువారం నాడు జరిగింది పూర్తిగా నా తప్పు. మా ఆయనకు మధ్యాహ్నం సెలవు దొరికింది. నేను ఎప్పుడూ పరుగెత్తే కయోటీ హిల్స్ ఉద్యానవనానికి అందరినీ తీసుకుపోయి, అక్కడి ఎర్రగుట్ట మీద నుంచి అఖాతం చూపించాలని నాకు ముచ్చట కలిగింది. ఇంటి నుంచి వెళ్లి రావడం నా లెక్కలో ఆరు మైళ్లు, అంటే గంటకు కాస్త ఎక్కువ. అరవై ఎనిమిదేళ్ల వయసులో, చక్కెర జబ్బుతో, మోకాలి నొప్పితో నడిచే మనిషికి అది దాదాపు నాలుగు గంటల ప్రయాణమని నాకు తట్టలేదు. ఎండ చూసి శాలువలు తీసుకోలేదు. ఏప్రిల్‌లో మధ్యాహ్నం దాటితే అక్కడ అఖాతం మీద నుంచి చలిగాలి ఈడ్చి కొడుతుంది. మన కడప ఎండ లెక్క అక్కడ పనికిరాదు. అందరికంటే ముందు నేను, నా వెనక పిల్లలు, ఆపైన మా ఆయన, చిట్టచివర పెద్దవాళ్లిద్దరూ. గుట్ట మీదికి చేరాక వెనక్కి తిరిగి చూస్తే మామయ్య ఒక రాతి మీద కూర్చుని ఉన్నారు. చేతులు వణుకుతున్నాయి, అంత చలిలోనూ నుదుటి మీద చెమట. పాప జేబులో ఉన్న చాక్లెట్లు నోట్లో వేశాం. పావుగంటకు ఆయన మాట తేటపడింది. మా ఆయన ఇంటికి పరుగెత్తి కారు తెచ్చి, దగ్గరి వీధి చివర నిలిపాడు.

చక్కెర జబ్బుకు మందులు వేసుకునే వారికి నడకతో రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. వాళ్లతో బయలుదేరినప్పుడు పదిహేను గ్రాముల చక్కెరకు సరిపడేది ఏదైనా జేబులో ఉండాలి. అది తినిపించి, పదిహేను నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించాలి. నేను ఇప్పుడు గ్లూకోజు బిళ్లలతో పాటు బెల్లం పాకంలో చేసిన చెనిక్కాయ ఉండలు కూడా తీసుకుపోతాను. మింగలేకపోయినా, స్పృహ తప్పినా నోట్లో ఏమీ వేయకుండా వెంటనే అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయాలి. ఖర్చుకు భయపడి ఆగకండి. అయితే చూడడానికి వచ్చిన పెద్దవారి బీమాలో పాత జబ్బులకు వర్తింపు ఉందో లేదో వాళ్లు విమానం ఎక్కకముందే చదివి తెలుసుకోండి. చాలా పాలసీల్లో ఉండదు.

దిగేటప్పుడు మామయ్య బాట పక్క పొదలో నిగనిగలాడుతున్న ఆకు ఒకటి తెంపి చూశారు. శనివారం పొద్దునకు ముంజేయంతా పొక్కులు. అది పాయిజన్ ఓక్. ఒక్కో కాడకు మూడేసి ఆకులుంటాయి, వసంతంలో నూనె రాసినట్టు మెరుస్తాయి, వేసవి చివర ఎర్రబడతాయి. దాన్ని మన దూలగొండి వంటిదనుకోకూడదు. దూలగొండి నూగు దులిపితే కొంత పోతుంది, దీని జిడ్డు మాత్రం బట్టలకూ, బూట్లకూ అంటుకుని చాలా రోజులు ఉంటుంది. ఇది జీడిమామిడి, మామిడి చెట్ల కుటుంబానిదే. బట్టల మీద గుర్తులు పెట్టడానికి చాకళ్లు వాడిన నల్లజీడి రసం ఒంటికి తగిలితే ఎలా పొక్కుతుందో పెద్దవారికి తెలుసు, ఇదీ అలాంటిదే. తగిలిందని తెలిసిన వెంటనే సబ్బుతో, చల్లని నీళ్లతో కడుక్కోవాలి. గడ్డిలో నడిచి వస్తే పిల్లల చెవుల వెనక, మోకాళ్ల మడతల్లో గోమార్లు (టిక్స్) ఉన్నాయేమో వెతకాలి. అక్కడి గోమార్లలో కొన్ని లైమ్ అనే జబ్బును మోసుకొస్తాయి. ఎండెక్కిన బాటల మీద గిలక పాములు (రాటిల్‌స్నేక్‌లు) కూడా ఉంటాయి. అవి చాలాసార్లు తోక ఆడించి హెచ్చరిస్తాయి, కాబట్టి చెవుల్లో పాటలు పెట్టుకుని నడవకండి.

శుక్రవారం ఎవరం బయటికి వెళ్లలేదు. మామయ్య ఆత్మకూరు వైపు మనిషి. వయసులో ఉన్నప్పుడు శివరాత్రికి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా నల్లమలలో నడిచి శ్రీశైలం చేరిన వారు. ఆ రాత్రి మజ్జిగన్నం తింటూ, నింద అన్నది లేకుండా, నాతో ఈ మాట అన్నారు. "శ్రీశైలం పోయేటప్పుడు ముసలోళ్లను, పిల్లోళ్లను ముందర నడిపిస్తారమ్మా. వయసోళ్లు మూటలు మోసుకొని ఎనక వస్తారు. ఎవురికన్నా కష్టమైతే ఎనకున్నోళ్లకు కనపడతాది. నువ్వు దాన్ని తిరగేసినావు." మూడేళ్లుగా పరుగు గురించి నేను చదివినవాటిలో ఎక్కడా దొరకని సంగతి అది.

శనివారం సాయంత్రం ముంజేతికి మందు రాసుకుని ఆయనే ముందు నడిచారు. అత్తమ్మ చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని, కాళ్లకు బూట్లతో ఆయన పక్కన నడిచారు. చీర మీద బూట్లు వేసుకుంటే చూసేవారు ఏమనుకుంటారోనని సంకోచించకండి, అక్కడ ఎవరూ పట్టించుకోరు. అయితే కొండబాటకు మాత్రం చీర వద్దు, కుచ్చిళ్లు కాలికి చుట్టుకుంటాయి. మైలుకు అరగంట పట్టింది. దూరం లెక్క మానేసి, గడియారం చూసి ఇరవై నిమిషాలు పోవడం, అక్కడి నుంచి వెనక్కి తిరగడం అని నియమం పెట్టుకున్నాం. నెమ్మదిగా నడవడంతో పిల్లలకు వాగు ఒడ్డున కొంగలు కనిపించాయి, మామయ్యకు నల్లమల కథలు గుర్తుకొచ్చాయి. ఆ సాయంత్రం మా ఇంట్లో టీవీ పెట్టలేదు.

పరుగు మీద ఆసక్తి ఉన్నవారికి రెండు మాటలు. ఎగుడు వచ్చినప్పుడు నడవండి, కొండబాట మీద పరుగెత్తే వారిలో అనుభవం ఉన్నవారు కూడా నిటారు బాటను నడిచే ఎక్కుతారు. పరుగెత్తుతూ ఒక పూర్తి వాక్యం పలకలేకపోతున్నారంటే వేగం ఎక్కువైందని అర్థం. వాన పడిన మరునాడు ఆ కొండల బంకమట్టి మన జమ్మలమడుగు నల్లరేగడిలాగే బూటుకు శేరు మట్టి అంటిస్తుంది, ఆ రోజు తారు బాటే మేలు. ఏ బాటకు వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. తెల్లవారుజామున ఒంటరిగా వెళ్తే కొండసింహం ఎదురుపడడం అరుదే గాని అసాధ్యం కాదు. అలా జరిగితే పరుగెత్తకుండా, చేతులెత్తి పెద్దగా కనబడుతూ, గట్టిగా అరుస్తూ వెనక్కి నడవాలి. ఫ్రీమాంట్‌లో దిగిన ప్రతి తెలుగు కుటుంబాన్నీ మొదటి వారమే మిషన్ పీక్‌కు తీసుకెళ్లే ఆనవాయితీ ఒకటి ఉంది. ఆ శిఖరం ఎత్తు 2,517 అడుగులు, స్టాన్‌ఫోర్డ్ అవెన్యూ వైపు నుంచి సుమారు 2,100 అడుగుల ఎక్కుడు, దారిలో నీడ దాదాపు లేదు. వసంతంలో పొద్దున్నే వెళ్తే ఎంతో అందమైన కొండ. మొదటి వారం మాత్రం వద్దు, పెద్దవారితో అసలే వద్దు.

ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు గట్టు మీద నిలబడి మా తమ్ముడికి వీడియో కాల్ చేశాను. కడపలో అప్పుడు సోమవారం పొద్దున ఆరున్నర. వాడు మేడ మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తున్నాడు, రోజుకు వంద సార్లు తిరుగుతున్నానన్నాడు. నేను ఫోను తిప్పి వాగు చూపించాను, వాడు తిప్పి నిర్మానుష్యంగా ఉన్న మన వీధిని, దాని వెనక పాలకొండల వరుసను చూపించాడు. అమ్మ కూడా వచ్చి, ఊపిరి ఆయాసపడకుండా, మాతో మాట్లాడుతూ మేడ మీద నాలుగు చుట్లు తిరిగింది. ఆ తరువాత చాలా నెలల పాటు ప్రతి ఆదివారం మేం అలాగే కలిసి నడిచాం.

మా వీధి అమ్మాయి ఆగస్టులో దిగుతుంది. అప్పటికి అక్కడి కొండలు ఎండి పసుపు పచ్చగా ఉంటాయి, కార్చిచ్చుల కాలం మొదలై ఉంటుంది. 2020 సెప్టెంబరు 9న పొగకు ఆకాశమంతా నారింజ రంగుకు తిరిగి పగలే దీపాలు పెట్టుకున్నాం. గాలి నాణ్యత సూచిక 150 దాటిన రోజు బయటికి నడకకు వెళ్లవద్దని ఆమెకు చెప్పాను. మిగిలిన రోజుల్లో భర్త పని ముగించుకుని వచ్చాక తారు గట్టు మీద ఇరవై నిమిషాలు అటు, ఇరవై నిమిషాలు ఇటు నడవమన్నాను. తోవ తెలిశాక, నెల రోజులకు, భర్త ఆఫీసులో ఉండగా తానొక్కతే అదే తోవ నడవమన్నాను. బూట్లు ఇక్కడ కొనవద్దనీ, అక్కడ సాయంత్రం పూట, కాళ్లు కాస్త వాచి ఉన్నప్పుడు కొలత చూసుకుని బొటనవేలి ముందు వేలి వెడల్పంత ఖాళీ ఉండేవి కొనమనీ చెప్పాను. సెప్టెంబరు రెండో వారానికి నేనూ తిరిగి వెళ్తాను. ఉత్తరపు గట్టు నేను వచ్చాక చూపిస్తానన్నాను. ఆమె ముందు నడుస్తుంది, నేను వెనక ఉంటాను.